కాజా పాకం, మూసుకోని గొడుగు

నేను ఒక గేమ్ ప్యాడ్‌ని. టీవీలో బొమ్మలు ఒకదాన్నొకటి చితకబాదుకుంటుంటే, ఆ బాదించేవాళ్ళ రెండు చేతుల మధ్య నలిగిపోయే నల్లటి ప్లాస్టిక్ ప్రాణిని. ఎడమపక్క బొమ్మని అటూ ఇటూ నడిపించే పుల్ల, కుడిపక్క బొటనవేలి కింద బటన్లు, పొట్టలో ఒక చిన్న మోటారు. బొమ్మకి దెబ్బ తగిలినప్పుడల్లా ఆ మోటారు గిర్రున తిరిగి నన్ను వణికిస్తుంది. దెబ్బ తినేది బొమ్మ, గొప్పలు చెప్పుకునేది మనిషి, ఒళ్ళు హూనమయ్యేది నాకు. అయినా ఈ బతుకు నాకు భలే నచ్చింది. మళ్ళీ పుట్టమంటే ప్యాడ్‌గానే పుడతాను, మళ్ళీ కాకినాడలోనే స్థిరపడతాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను మనుషుల నోళ్ళని నమ్మను, బొటనవేళ్ళని నమ్ముతాను. నోరు ఎన్ని కోతలైనా కోస్తుంది, పాపం బొటనవేలికి ఆ విద్య రాదు. "ఈ ఆటా, కళ్ళు మూసుకుని ఆడేస్తాను" అనే పెద్దమనిషి వేలికి ఎంత చెమట పడుతుందో నాకు తెలుసు. ఆ చెమటంతా పీల్చుకునేది నేనే మరి.

పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. ఒకమ్మాయి నా పైచిప్ప, కిందచిప్ప కలిపి స్క్రూలు బిగించింది. బటన్లన్నీ నొక్కి చూసి, పెద్దగా ఆవులించి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. అక్కణ్ణించి ఓడెక్కి, లారీ ఎక్కి హైదరాబాదు వచ్చాను. మొదటి యజమాని హాస్టల్లో ఉండే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. ఓడిపోతే నన్ను గోడకేసి కొట్టేవాడు, గెలిస్తే ముద్దుపెట్టుకునేవాడు. రెండింట్లో ఏది ఎక్కువ బాధో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పరీక్షలు తన్నేశాక ఆ పాపం నా మీద వేసి అమ్మేశాడు. రెండో యజమాని కొత్తగా పెళ్ళయినవాడు. అతగాడు పెళ్ళాం ముఖం కన్నా నా ముఖమే ఎక్కువ చూస్తున్నాడని ఆవిడ నన్ను బియ్యం డబ్బాలో దాచేసింది. నా జీవితంలో అంత విశ్రాంతి మళ్ళీ దొరకలేదు. బియ్యం అయిపోయి నేను బయటపడ్డాక, ఇద్దరూ ఒక మాటకొచ్చి నన్ను వదిలించుకున్నారు. అలా చేతులు మారి మారి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక పాత సామాన్ల దుకాణం అద్దాల వెనక తేలాను. వకుళ నన్ను అక్కడే చూసింది.

వకుళ పొద్దున పూట స్కూల్లో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక వీడియో గేములు ఆడి, వాటి మీద తెలుగులో రివ్యూలు చెబుతుంది. ఆవిడ చానల్ పేరు 'ఆడి చెబుతా'. పేరు ఊరికే పెట్టుకోలేదు. ఏ ఆటనైనా మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో ఆడితే తప్ప ఒక్క ముక్క మాట్లాడదు. ఈ మాట నేను ఆవిడ నోటితో విని చెప్పడం లేదు, ఆవిడ బొటనవేలు నాతో చెప్పింది. నా బటన్ల మీది అక్షరాలు అరిగిపోయింది ఆ వేలి కిందే.

మన తెలుగువాళ్ళ రివ్యూల సంగతి మీకు తెలిసిందే కదా. ఐదుకి మార్కులు వేస్తారు. అందులోనూ పావులు లెక్క. రెండున్నర ఇస్తే అభిమానులు తిడతారు, మూడు ఇస్తే మిగతావాళ్ళు తిడతారు, అందుకని రెండు ముప్పావు ఇచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. సినిమాలతో మొదలైన ఈ జబ్బు వీడియో గేములకీ పాకింది. వకుళ మాత్రం పావుల జోలికి పోయేది కాదు. బాగుంటే బాగుందనేది, లేకపోతే లేదనేది. ఈ ముక్కుసూటితనం వల్లే కాకినాడ నుంచి కరీంనగర్ దాకా కుర్రకారు ఆవిడ మాటకి చెవి కోసుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో నాకు రెండో యజమానురాలు ఒకరున్నారు. ఈ సంగతి వకుళకి తెలియదు. వకుళ భర్త ఫణీంద్రకి కూడా తెలియదు, ఆయన పోర్టులో ఉద్యోగం చేసుకుంటూ అన్నం తినడానికే ఇంటికొచ్చే మనిషి. ఆ రెండో యజమానురాలు వకుళ అత్తగారు భ్రమరాంబ గారు. కాలనీ ఆడవాళ్ళ పారాయణ బృందానికి పెద్ద. శుక్రవారం శుక్రవారం వాళ్ళ హాల్లో ఆవిడ ఆసనం వేసుకుని కూర్చుంటే ఎదురు మాట్లాడినవాళ్ళు లేరు. కోడలు ఆట మొదలుపెట్టగానే "ఏంటోనమ్మా, పనిలేని పని" అని మూతి మూడు వంకర్లు తిప్పేవారు. మర్నాడు పొద్దున కోడలు అటు గుమ్మం దాటడమేమిటి, ఇటు తలుపు గడియ పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, నన్ను ఒళ్ళో పెట్టుకునేవారు. వేళ్ళకి పసుపు వాసన. మొదట్లో బొమ్మని గోడకేసి నడిపించి అక్కడే నడిపిస్తూ కూర్చునేవారు. తర్వాత్తర్వాత ఆవిడ చేతిలో నేను పరుగులు పెట్టాను.

అత్తాకోడళ్ళిద్దరూ దాపరికం లేకుండా కలిసి చూసేది ఒక్కటే. 'ఉరుముల కోట' అనే జపాన్ బొమ్మల సీరియల్, అదీ తెలుగు డబ్బింగులో. అందులో అకెమి అనే పిల్ల ఉంటుంది. ఆయుధం కత్తి కాదు, గొడుగు. ఆ గొడుగు తెరిచి అడ్డం పెట్టుకుని, దాని చాటు నుంచే శత్రువుని కొడుతుంది. ఎంతమంది మీద పడినా గొడుగు మాత్రం మూయదు. "వాన తగ్గేదాకా గొడుగు మూయకు తల్లీ" అని చిన్నప్పుడు వాళ్ళ తాత చెప్పిన మాట అది. ఆ మాట వచ్చినప్పుడల్లా భ్రమరాంబ గారు కొంగుతో కళ్ళొత్తుకుని, "తాతంటే అలా ఉండాలి, మీ మావగారూ ఉన్నారు దేనికీ" అనేవారు. వకుళ పకపకా నవ్వేది.

ఆ సీరియల్‌ని కొట్లాట ఆటగా మార్చారన్న కబురు రాగానే ఇంట్లో పండగే. ఆట వచ్చింది. వకుళ మొదటి మధ్యాహ్నం, అకెమి చేతికి ఇంకా గొడుగు రాని మొదటి కోట మాత్రం ఆడి, మర్నాడు స్కూలుకి వెళ్ళింది. భ్రమరాంబ గారు గడియ పెట్టేశారు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, నా కథంతా ఈ మెలిక మీదే నడుస్తుంది. ఆటలో గొడుగు తెరవడానికి నాకు ఒక బటన్ ఉంది. అది నొక్కి పట్టుకున్నంతసేపే గొడుగు తెరుచుకుని ఉంటుంది. కొట్టే బటన్ దాని పక్కనే, అదే బొటనవేలి కింద ఉంది. అంటే గొడుగు పడితే కొట్టలేరు, కొట్టబోతే గొడుగు మూసుకుంటుంది. అకెమి గొడుగు మూయడమేమిటి! ఆట తయారుచేసినవాళ్ళు ఆ సీరియల్‌ని ఎలా చూశారో నాకు అర్థం కాలేదు, బహుశా వేగం పెంచి చూసుంటారు.

ఆ పొద్దున భ్రమరాంబ గారి పక్కన పళ్ళెంలో గొట్టం కాజాలున్నాయి. కాకినాడ కాజా తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తిననివాళ్ళకి చెబుతున్నాను, పైకి అది గొట్టంలా అమాయకంగా ఉంటుంది గానీ లోపలంతా పాకమే. దాన్ని చిన్నగా కొరికి, పాకం జుర్రుకుని, తర్వాత నమలాలి. అలా తినడం ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి నడకతో పాటు వస్తుంది. కానీ ఎదురుగా బాణాలు వేసే రాక్షసుడు ఉన్నప్పుడు ఎంతటి కాకినాడ మనిషైనా పద్ధతి మర్చిపోతారు. భ్రమరాంబ గారు కాజాని పంటి కింద పెట్టుకుని, రాక్షసుడు గెంతగానే కసుక్కున కొరికారు. పాకం చిమ్మి వచ్చి సరిగ్గా నా గొడుగు బటన్ మీద పడి, అంచు చుట్టూ ఇంకిపోయింది.

అబ్బ, ఆ తీపి. పుట్టినప్పటి నుంచీ చెమట, దుమ్ము, బియ్యప్పురుగులు తప్ప ఎరగని నాకు అది అమృతం. నా పొట్టలో మోటారు తిరగకపోయినా నేను వణికాను. ఆవిడ కంగారుగా కొంగుతో నన్ను తుడిచి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ఏమీ ఎరగనట్టు టీవీ పక్కన పెట్టేసి పప్పు వేయించడానికి వెళ్ళిపోయారు.

పాకం పైన తుడిస్తే పోతుందా. లోపల మెల్లగా ముదిరి, తీగపాకమైంది. అప్పట్నించీ నా గొడుగు బటన్‌కి ఒక దర్జా వచ్చింది. నొక్కితే లోపలికి వెళుతుంది, వెళ్ళి అక్కడే కూర్చుంటుంది, తీరిక చూసుకుని పైకి వస్తుంది. అంటే బొటనవేలు తీసేసినా గొడుగు తెరుచుకునే ఉంటుంది. వేలు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎన్ని దెబ్బలైనా కొట్టుకోవచ్చు. గొడుగు చాటు నుంచి కొట్టడం, అచ్చం సీరియల్లో అకెమి లాగే.

ఆ వారమంతా వకుళ ఆ ఆటే ఆడింది. ఆడుతూ ఎగిరి గంతేసింది, ఏడ్చింది, అన్నం చల్లారిపోయినా లేవలేదు. నేను పాతదాన్ని, నా బటన్లు మొరాయించడం ఆవిడకి అలవాటే, అందుకని అనుమానం రాలేదు. నా మీదకి చీమలు బారులు తీరి వస్తుంటే కూడా ఊదేసి ఆడుకుంది. కనీసం ఆ చీమల్ని అడిగినా నిజం చెప్పేవి. చివరి కోటలో ఉరుముల దొర అనే మహా రాక్షసుణ్ణి కూలగొట్టాక, వకుళ కెమెరా ముందు కూర్చుంది.

"ఈ ఆట తయారుచేసినవాళ్ళకి అకెమి మనసు తెలుసు. గొడుగు ఒకసారి తెరిచారంటే అది మిమ్మల్ని కాస్తూనే ఉంటుంది. ఐదుకి నాలుగున్నర" అంది. జీవితంలో ఆవిడ ఏ ఆటకీ అంత ఇవ్వలేదు.

అదే రోజు సాయంత్రానికి మిగతా విమర్శకులంతా కత్తులు నూరుకుంటూ దిగారు. విదేశాల వాళ్ళు వందకి యాభై దగ్గర ఆగిపోయారు. బొమ్మలు సీరియల్లోంచి లేచొచ్చినట్టున్నాయి, సంగీతం అద్భుతం, కానీ చేతిలోకి తీసుకుంటే గొడుగు కాదు విసనకర్ర అన్నారు. ఒక పేపరు ఆదివారం పేజీలో "ఆత్మ జపాన్‌లోనే ఉండిపోయింది" అని రాసి రెండు ముప్పావు ఇచ్చారు. హైదరాబాదులో 'తేజో తీర్పు' అనే పెద్ద చానల్ నడిపే తేజోవర్ధన్ అయితే రెండుంపావు ఇచ్చి, "కాకినాడలో ఒకావిడ నాలుగున్నర ఇచ్చారు. ఆవిడ ఏ ఆట ఆడారో నాకు తెలియడం లేదు" అని వెటకారంగా నవ్వాడు.

ఇక చూడండి జాతర. వకుళ వీడియో కింద కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. కంపెనీ ఎంత ముట్టజెప్పిందని కొందరు, అసలు ఆడకుండానే చెప్పావని కొందరు. వకుళకి ఒళ్ళు మండి, తను ఆడిన ఆటని రికార్డు చేసి పెట్టింది. అందులో గొడుగు దర్జాగా తెరుచుకునే ఉంది. అది చూసి జనం ఇంకా రెచ్చిపోయారు. నీకొక్కదానికే వేరే ఆట పంపించారా అన్నారు. ఆడకుండా చెప్పావన్న మాట దగ్గర మాత్రం వకుళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను ఒళ్ళోకి తీసుకుంది. తన పేరులో ఉన్నదే ఆ ఒక్క మాట, దాన్నే అబద్ధమంటే ఇంకేం మిగిలింది. నాకు నోరుంటే ఆ క్షణంలో అరిచేదాన్ని.

కాకినాడలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు తమ వార్షికోత్సవానికి తేజోవర్ధన్‌ని పిలిచారు. స్టేజీ మీద అందరి ముందూ వకుళ ఉరుముల దొరతో ఆడి చూపించాలని అతను సవాలు విసిరాడు. వకుళ వెనకాముందూ చూడలేదు. "వస్తాను. గొడుగు నేను చెప్పినట్టు తెరుచుకుని ఉండకపోతే, నా మాట తప్పని తేలితే, అదే స్టేజీ మీద నా చానల్ మూసేస్తాను" అని ప్రకటించేసింది.

ఆ మాట వంటింట్లోంచి విన్న భ్రమరాంబ గారు చేతిలో గరిట వదిలేశారు. మర్నాడు పొద్దున గడియ పెట్టి, నన్ను వెలుతురులోకి తీసుకెళ్ళి, గొడుగు బటన్ నొక్కి చూశారు. అది లోపలే కూర్చుంది. ఆవిడ చూస్తూనే ఉన్నారు. అది బద్ధకంగా పైకి వచ్చింది. ఆవిడకి సంగతి అర్థమైపోయింది. గుడ్డని వేడినీళ్ళలో ముంచి రుద్దారు, పాకం ఇంకాస్త లోపలికి పోయింది. కొబ్బరినూనె రాశారు, చీమలకి తాలింపు పెట్టినట్టయింది. చివరికి దేవుడి గది ముందు నిలబడి, "అమ్మాయ్, ఈ ఆట నేనూ ఆడతానే. పాకం పోసింది నేనే" అని వల్లెవేసుకున్నారు. మధ్యాహ్నం వకుళ ఇంటికి రాగానే గొంతు సవరించుకుని, "కాఫీ పెట్టమంటావా" అన్నారు. రోజూ ఇదే వరస. చెబితే ఇన్నాళ్ళూ వంకర్లు తిప్పిన మూతి ఏమవ్వాలి, పారాయణ బృందంలో ఆసనం ఏమవ్వాలి. ఆవిడ అవస్థ చూస్తే నవ్వొచ్చేది, జాలీ వేసేది.

ఆ రోజు రానే వచ్చింది. కాలేజీ ఆడిటోరియం కిటకిటలాడిపోయింది. మూడో వరసలో పారాయణ బృందం మొత్తం పట్టుచీరలతో దిగింది, భ్రమరాంబ కోడలు స్టేజీ ఎక్కుతోందంటే రాకుండా ఎలా ఉంటారు. వకుళ నన్ను చేత్తో పట్టుకుని స్టేజీ ఎక్కింది. తేజోవర్ధన్ చాలా మర్యాదగా నన్ను పక్కనున్న బల్ల మీద పెట్టించి, అందరి ముందూ సీలు విప్పి కొత్త ప్యాడ్ తీశాడు. దానికింకా ఫ్యాక్టరీ వాసన పోలేదు. అదేం పాపం ఎరగదు, నాకైతే దాన్ని చూస్తే కడుపు మండిపోయింది.

ఆట మొదలైంది. ఉరుముల దొర పిడుగులు విసిరాడు. వకుళ గొడుగు తెరిచి, మామూలుగా బొటనవేలిని కొట్టే బటన్ మీదకి జరిపింది. గొడుగు మూసుకుంది. పిడుగు నడినెత్తిన పడింది. హాల్లో గోల. వకుళ మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అదే. తన చేతుల వైపు, తెర వైపు మార్చి మార్చి చూసుకుంది. మూడోసారి అకెమి కింద పడేసరికి వెనక వరసల్లో ఈలలు, కేకలు, ఎవరో "కంపెనీ కోడలు" అని కూడా అన్నారు.

వకుళ కొత్త ప్యాడ్‌ని బల్ల మీద నా పక్కన పెట్టింది. మైకు తీసుకుంది.

"నేను ఆడిన ఆటలో గొడుగు మూసుకోలేదు. ఎందుకో నాకు తెలియడం లేదు. కానీ నా మాట తప్పని మీ అందరి ముందూ తేలింది. ఇచ్చిన మాట ప్రకారం నా చానల్..."

"ఆగమ్మాయ్" అని మూడో వరసలోంచి వినపడింది.

భ్రమరాంబ గారు కొంగు బొడ్లో దోపుకుని మెట్లెక్కి వచ్చారు. కోడలి చేతిలో మైకు లాక్కున్నారు, రెండో చేత్తో నన్ను పట్టుకుని పైకెత్తారు. పసుపు వాసన వేసే ఆ వేళ్ళు అంతగా చెమటపట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

"అందరికీ నమస్కారమండి. నేను ఈ అమ్మాయి అత్తగారినండి. ఇందులో మా కోడలి తప్పు ఆవగింజంత కూడా లేదండి. తప్పంతా కాజాదండి."

హాలు నోరెళ్ళబెట్టింది.

"రోజూ పొద్దున్నే అది స్కూలుకి వెళ్ళాక ఈ ఆట నేను ఆడతానండి. దానికి తెలీదు. మా అబ్బాయికీ తెలీదు. ఆ రోజు కాజా తింటా ఆడుతుంటే పాకం ఈ గొడుగు బటన్లోకి పోయిందండి. నొక్కితే పైకి రాదు, చూడండి మరి. అది ఆడినంతసేపూ గొడుగు తెరుచుకునే ఉందండి, నేను కళ్ళారా చూశాను. అది ఆడిందే చెప్పింది. నేనే చెప్పాల్సింది చెప్పకుండా కాఫీలు పెడతా కూర్చున్నాను."

పారాయణ బృందంలోంచి వరహాలమ్మ గారు లేచి నిలబడ్డారు.

"అయితే పొద్దున్న పూట నువ్వు ఫోనెత్తనిది ఇందుకా భ్రమరాంబా?"

"ఇందుకేనే."

"ఎన్నో కోట దాకా వెళ్ళావు?"

"ఆఖరి కోటే. దొరని కూడా కొట్టేశాను."

హాలు పైకప్పు లేచిపోయింది. అంతకుముందు ఈలలు వేసిన వెనక వరసలే ఇప్పుడు కుర్చీలెక్కి చప్పట్లు కొట్టాయి. వరహాలమ్మ గారు కూర్చుంటూ పక్కావిడతో, "మనకి చెప్పకుండా ఒక్కర్తే ఆడేసుకుంది చూశావా" అనడం నాకు స్పష్టంగా వినపడింది.

తేజోవర్ధన్ నా దగ్గరికి వచ్చి, "నేనొకసారి చూడొచ్చా ఆంటీ" అన్నాడు. నన్ను అందుకున్నాడు. అతని బొటనవేలు నా మీద పడగానే అసలు సంగతి నాకు అర్థమైపోయింది. ఈ తీర్పుల ప్రభువు రెండో కోట దాటి వెళ్ళినవాడు కాదు, కొట్టే బటన్ ఎక్కడుందో తడుముకుంటున్నాడు. కానీ ఆ రోజు నేను ఎవరి మీదా కక్ష పెట్టుకునే స్థితిలో లేను. అతను గొడుగు బటన్ నొక్కాడు. నేను దాన్ని పట్టుకున్నాను. పిడుగులు వచ్చి గొడుగుకి తగిలి పక్కకి చెదిరిపోయాయి. అతను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, గొడుగు అలాగే ఉంది. "అమ్మబాబోయ్, ఇదే కదా సీరియల్లో ఉండేది" అంటూ ఆ మనిషి స్టేజీ మీద గంగిరెద్దులా ఊగిపోయాడు. దొర కూలాక మైకు తీసుకుని, "ఈ ఆట ఇలా ఉండుంటే నేనూ నాలుగున్నరే ఇచ్చేవాణ్ణి. వకుళ గారూ, మిమ్మల్ని ఆడలేదన్నాను. క్షమించండి. నిజానికి సగం ఆడి చెప్పింది నేనే" అన్నాడు. ఆ మాట అతని నోరు చెప్పిందా బొటనవేలు చెప్పిందా అని నేను ఆశ్చర్యపోయాను.

వకుళ ఇంకా అత్తగారి వైపే చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు, రెండూ ఒకేసారి. మైకు అందుకుంది.

"నేను ఆడిందే చెప్పాను. కానీ నేను ఆడింది మీకు దొరికే ఆట కాదు. నా మాట నమ్మి కొనుక్కున్నవాళ్ళకి నష్టమే జరిగింది. కాబట్టి నా నాలుగున్నర వెనక్కి తీసుకుంటున్నాను. ఆటకి రెండున్నర. మిగతా రెండూ మా అత్తయ్య కాజాకి."

నవ్వులు ఆగలేదు. అవి కాస్త తగ్గాక వకుళ గొంతు తగ్గించి, "మాట తప్పని తేలితే చానల్ మూసేస్తానన్నాను. తేలింది కదా" అంది.

భ్రమరాంబ గారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. "వాన తగ్గకుండా గొడుగు మూసేస్తావేంటే" అన్నారు. మైకు దూరంగా ఉన్నా ఆ మాట హాలంతా విన్నది. అక్కడున్న ప్రతివాళ్ళకీ అది అకెమి తాత మాటని తెలుసు. మొదట చప్పట్లు కొట్టింది తేజోవర్ధనే. వకుళ అత్తగారి భుజం మీద తల పెట్టేసింది. చానల్ మూయలేదు.

తర్వాత జరిగింది చెబితే మీకు నవ్వొస్తుంది. స్టేజీ మీది వీడియో ఊళ్ళు దాటి, దేశాలు దాటి ఆట తయారుచేసిన కంపెనీ దాకా వెళ్ళింది. వాళ్ళు ఏమనుకున్నారో గానీ, కొన్నాళ్ళకి ఆటలో మార్పు తెచ్చారు. ఇప్పుడు సెట్టింగుల్లో ఒక మీట ఉంది, అది వేసుకుంటే గొడుగు ఒకసారి తెరిస్తే తెరుచుకునే ఉంటుంది. ఇంకేముంది, విమర్శకులంతా మళ్ళీ బారులు తీరారు. వందకి యాభై ఇచ్చినవాళ్ళు ఎనభై దాటించారు. ఆదివారం పేజీ వాళ్ళు "ఆత్మ తిరిగొచ్చింది" అని రాసి నాలుగుంపావు ఇచ్చారు, ఆ పావు దగ్గర మాత్రం మారలేదు. ఒక విదేశీ పండితుడు ఈ గొడుగు మీద పెద్ద వ్యాసమే రాశాడట. ఆత్మరక్షణలోని తాత్వికత, సాహసోపేతమైన రూపకల్పన, ఇంకా ఏవేవో. వకుళ దాన్ని చదివి వినిపిస్తుంటే భ్రమరాంబ గారు చివరిదాకా ఓపిగ్గా విని, "కాజా సంగతి రాయలేదేం" అన్నారు.

'ఆడి చెబుతా' ఇప్పుడు ఇద్దరిది. వకుళ పక్కనే భ్రమరాంబ గారు కూర్చుంటారు. ఏ ఆట వచ్చినా వకుళ కొత్త ప్యాడ్‌తో ఒకసారి, పాత ప్యాడ్‌తో ఒకసారి ఆడి చూసి గానీ నోరు విప్పదు. శుక్రవారం పారాయణ అయ్యాక బృందమంతా టీవీ ముందు చేరుతుంది. వరహాలమ్మ గారికి ఇంకా మొదటి కోటే దాటడం రావడం లేదు, ప్యాడ్ మీద నెపం వేస్తారు.

నేను టీవీ పక్కన అద్దాల అలమారలో, ఫణీంద్రకి ఆఫీసు ఆటల పోటీల్లో వచ్చిన కప్పు పక్కన ఉంటున్నాను. ఆయన ఒకసారి నన్ను విప్పించి శుభ్రం చేయిస్తానన్నారు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి ఆయన వైపు చూసిన చూపుకి ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. ఇప్పుడు లోకంలో ప్రతి ప్యాడూ గొడుగు తెరిచి ఉంచగలదు కదా, నాతో ఇంకేం పనిలే అని మొదట్లో కాస్త బెంగపడ్డాను.

కానీ పొద్దున వకుళ స్కూలుకి బయల్దేరగానే భ్రమరాంబ గారు అలమార తలుపు తీస్తారు. ఇప్పుడు వీధి తలుపు గడియ పెట్టరు, బార్లా తెరిచే ఉంచుతారు. కాజా పళ్ళెం పక్కన పెట్టుకుంటారు. కొత్త సెట్టింగు ఉన్నా దాన్ని వేసుకోరు. నన్ను ఒళ్ళోకి తీసుకుని, పసుపు వేలితో ఆ బటన్ నొక్కుతారు. పాకం ఇప్పుడు పాతబడింది, మునుపటంత పట్టు లేదని నాకు తెలుసు. ఆవిడ బొటనవేలు తీసేస్తారు. నేను ఉన్న బలమంతా కూడదీసుకుని పట్టుకుంటాను. తెర మీద వాన పడుతూనే ఉంటుంది, గొడుగు తెరుచుకునే ఉంటుంది.